మడత దగ్గర అయస్కాంతం

మా ఆయన జేబులో దువ్వెన ఉండదు, రుమాలు ఉండదు, ఇంటి తాళంచెవి అసలే ఉండదు. అయస్కాంతం మాత్రం ఉంటుంది. వేలెడు పొడవు, ఒక కొస విరిగి, చొక్కా జేబుని కిందికి లాగేస్తూ ఉంటుంది. పెళ్ళైన మొదటి వారంలోనే వంటింట్లోకి వచ్చి గిన్నెలన్నిటికీ దాన్ని ఆనించి చూశాడు. పుట్టింటి నుంచి నేను తెచ్చుకున్న రెండు గిన్నెలకి అది టక్కున అంటుకుంది. "ఇవి నాసిరకం" అని తేల్చేశాడు. ఆ రెండు గిన్నెల్లోనే ఇరవై ఆరేళ్ళుగా పాలు కాస్తున్నాను. వాటికేం కాలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

అయినా నేను చెప్పదలుచుకున్నది ఆయన గురించి కాదు, మా అన్నయ్య గురించి. ఆయన పేరెత్తకుండా అన్నయ్య గురించి చెప్పడం కుదరదు, అదీ నా ఖర్మ. ఇద్దరిదీ ఒకటే పని చోటు. స్టెయిన్‌లెస్ స్టీలు రేకులతో తొట్లు, బల్లలు, ట్యాంకులు చేసే కార్ఖానా అది. మా ఆయన స్టోర్ చూసేవాడు. లోపలికి వచ్చే ప్రతి రేకునీ పరీక్ష చేసి, మంచిదని సంతకం పెడితేనే పనిలోకి వెళ్ళాలి. అక్కడ ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళు లేరు. యజమాని దగ్గర్నుంచి ఊడ్చే ఆవిడ దాకా అందరికీ ఆయన 'అయస్కాంతం'.

అన్నయ్యని 'మడత మేస్త్రి' అనేవాళ్ళు. రేకుని గీసిన గీత మీద సరిగ్గా తొంభై డిగ్రీలకి మడవడం ఆయన పని. చెబితే ఇంతేనా అనిపిస్తుంది గానీ, స్టీలు రేకు పొగరుబోతుది. తొంభైకి మడిచి వదిలితే రెండు డిగ్రీలు వెనక్కి లేస్తుంది. అందుకని దాన్ని ఎనభై ఎనిమిది దాకా తొక్కిపట్టి వదలాలి. ఎంత తొక్కాలన్నది రేకు మందాన్ని బట్టి, దాని మొండితనాన్ని బట్టి మారుతుంది. అన్నయ్య కొలిచి చూసేవాడు కాదు. మిషను లీవరు మీద చెయ్యి వేసి, భుజంతో ఒక్క ఊపు ఇచ్చేవాడు. తర్వాత మూలమట్టం పెడితే వెంట్రుక దూరేంత సందు కూడా కనిపించేది కాదు. రెండోసారి నొక్కాల్సి వస్తే మెరిసే రేకు మీద గీత పడుతుంది, అది చూస్తే ఆయనకి అన్నం సహించేది కాదు.

మా పెళ్ళి కుదిర్చింది కూడా అన్నయ్యే. "స్టోర్లో ఒకడున్నాడు అమ్మలూ. వాడికి అబద్ధం చెప్పడం చేతకాదు. నీ నోటికి అలాంటివాడే కావాలి" అన్నాడు. నిజమే, మా ఆయనకి ఇప్పటికీ అబద్ధం చేతకాదు. నా జీవితంలో జరిగిన అన్యాయమంతా ఆ నిజాయితీ వల్లే జరిగింది.

ఇద్దరికీ ఎంత స్నేహమంటే, ఆదివారం పొద్దున్నే అన్నయ్య మా ఇంటికి వచ్చి కూర్చుంటే మధ్యాహ్నం దాకా 'ఒరేయ్ బావా' 'చెప్పరా బావా' అని ఒకటే ముచ్చట్లు. ఏం ముచ్చట్లయ్యా అంటే రేకుల గురించే. నేనూ వదినా లోపల కూర్చుని, వీళ్ళిద్దరూ పెళ్ళి చేసుకుని ఉంటే మనం సుఖపడేవాళ్ళం కదా అని నవ్వుకునేవాళ్ళం.

ఏడేళ్ళ కిందట కార్ఖానాకి ఒక ఆసుపత్రి నుంచి పని వచ్చింది. డాక్టర్లు ఆపరేషన్‌కి ముందు చేతులు కడుక్కునే తొట్లు, పన్నెండు. మా ఆయన రేకులు పరీక్ష చేశాడు, అయస్కాంతం ఎక్కడా అంటుకోలేదు. మంచి సరుకు అని సంతకం పెట్టాడు. అన్నయ్య ఆ రేకులు సంతకం పెట్టి తీసుకుని మడిచాడు. అతికేవాళ్ళు అతికారు. తొట్లు వెళ్ళిపోయాయి. నాలుగో రోజు పన్నెండూ తిరిగొచ్చాయి. ఆసుపత్రి స్టోర్‌లో మా ఆయన లాంటి మహానుభావుడే ఇంకొకడు ఉన్నట్టున్నాడు. వాడి జేబులోనూ అయస్కాంతం ఉంది. తొట్టి మూలల్లో పెడితే అంటుకుందట.

యజమాని మా ఆయన్ని పిలిచి, అందరి ముందూ చూడమన్నాడు. తొట్టి అడుగున పెడితే జారిపోయింది. మూల దగ్గర, మడత వెంబడి పెడితే నెమ్మదిగా పట్టుకుని నిలబడింది. పన్నెండింటికీ అంతే. స్టోర్‌లో మిగిలిన రేకుకి పెట్టి చూస్తే ఎక్కడా అంటుకోలేదు. అంటే స్టోర్‌లోంచి వెళ్ళిన సరుకు వేరు, తొట్టి అయిన సరుకు వేరు. మధ్యలో రేకులు ఉన్నది ఒక్క అన్నయ్య చేతిలోనే. ఆ లెక్క చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది, అందుకే అందరూ నమ్మారు, అడుగున ఎందుకు జారిందని ఎవరూ అడగలేదు. రేకులు మార్చావా లేదా అని యజమాని అడిగితే అన్నయ్య అన్నది ఒక్క మాటే. "నేను మడిచానంతే బావా." యజమాని అడిగితే, మా ఆయన వైపు తిరిగి చెప్పాడట ఆ మాట.

మా ఆయన కాగితం మీద ఉన్నదున్నట్టు రాశాడు. మడతల దగ్గర అయస్కాంతం అంటుకుంటోంది, స్టోర్ సరుక్కి అంటుకోవడం లేదు అని. కింద సంతకం. పైగా ఆ సాయంత్రం ఇంటికొచ్చి, పోలీసుల దాకా పోకుండా యజమాని కాళ్ళా వేళ్ళా పడి ఆపానని నాతో చెప్పాడు. మెచ్చుకుంటాననుకున్నాడు కాబోలు. "మా అన్నయ్య దొంగ అని నువ్వు రాశావా?" అన్నాను. జీవితంలో మొదటిసారి ఆయన్ని నువ్వు అన్నాను.

"దొంగ అని రాయలేదు. అంటుకుందని రాశాను" అన్నాడు.

ఇరవై రెండేళ్ళు చేసిన చోట అన్నయ్యని ఒక్క పూటలో బయటికి పంపేశారు. మూలమట్టం కూడా తీసుకెళ్ళనివ్వలేదట, కార్ఖానాది అని. స్టీలు పనివాళ్ళ లోకం చిన్నది. వారం తిరిగేసరికి అన్ని షాపులకీ తెలిసిపోయింది. ఎక్కడికెళ్ళినా టీ ఇచ్చి, ఖాళీ లేదు మేస్త్రీ అనేవాళ్ళు. చివరికి ఇనుప గేట్లు చేసే చోట కూలికి కుదిరాడు. చువ్వలు మోయడం, సుత్తితో కొట్టి వంచడం, అదీ పని. మెరిసే రేకు మీద గోరు గీత పడితే విలవిల్లాడిన మనిషి, తుప్పు దుమ్ములో తెల్లారింది మొదలు సుత్తి కొట్టుకున్నాడు.

మా ఇంటికి రావడం మానేశాడు. నేనే వెళ్ళేదాన్ని, మా ఆయనకి కూరగాయలకని చెప్పి. వదిన ముభావంగా ఉండేది. ఆవిడని తప్పు పట్టను. ఆవిడ పుట్టింటివాళ్ళు కూడా 'ఏదో చేసే ఉంటాడు, లేకపోతే సొంత బావ ఎందుకు రాస్తాడు' అన్నారు. ఆ మాట ఆవిడ లోపల ఎక్కడో దిగింది. ఒకసారి నాతో, "నిజం చెప్పు అమ్మాయ్, మీ అన్నయ్య తీశాడంటావా?" అని అడిగింది. అన్నయ్య పెరట్లో స్నానం చేస్తున్నాడు, నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. విన్నాడని నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు. ఆ రోజు నుంచి ఆయన ఇంట్లో రెండు మాటల మనిషి అయిపోయాడు.

మా ఇంట్లోనూ అంతే. నేను వండేదాన్ని, ఆయన తినేవాడు. దెబ్బలాడుకోవడానికి కూడా మాట కావాలి కదా. ఎన్నోసార్లు అడిగాను, ఇంకేదైనా కారణం ఉండొచ్చేమో చూడొచ్చు కదా అని. "అయస్కాంతం అబద్ధం చెప్పదు" అనేవాడు. ఆయనా బాధపడుతూనే ఉన్నాడని నాకు తెలుసు. ఆదివారం పొద్దున్నే వీధి గుమ్మం వైపు చూసేవాడు. కానీ కళ్ళతో చూసినదాన్ని కాదనడం ఆయనకి రాదు. నేను ఏ వైపు నిలబడాలి చెప్పండి. ఇటు చూస్తే మొగుడు, అటు చూస్తే తోడబుట్టినవాడు. ఏడేళ్ళు మధ్యలోనే నిలబడ్డాను.

తిరిగొచ్చిన తొట్లలో పదకొండు తుక్కు కింద పోయాయి. ఒకటి మాత్రం కార్ఖానా వెనక పెరట్లో, బోరు కుళాయి కింద పెట్టారు, పనివాళ్ళు చేతులు కడుక్కోవడానికి. ఆ బోరు నీళ్ళు ఉప్పుగా ఉంటాయి, నోట్లో పోసుకోలేం. మా ఆయన రోజూ అన్నానికి ముందు ఆ తొట్లోనే చేతులు కడుక్కునేవాడు. ఏడేళ్ళు.

పోయినేడాది కార్ఖానా వాళ్ళు చేపలు కోసి ఐసులో సర్దే షెడ్డుకి బల్లలు చేశారు. కొత్త వ్యాపారి దగ్గర సరుకు తీసుకున్నారు. మా ఆయన ఎప్పటికంటే ఎక్కువ జాగ్రత్తగా చూశాడు. రేకుకి అంటుకోలేదు. మడిచాక కూడా చూశాడు, మడతల దగ్గర కూడా అంటుకోలేదు. ఎంత పొంగిపోయాడో. ఇంటికొచ్చి, "చూశావా, మంచి సరుకైతే మడిచినా అంటుకోదు" అన్నాడు. అంటే అన్నయ్య మీద పడిన మచ్చ ఇంకోసారి ఖాయమైందన్నమాట. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మూడు నెలలు తిరక్కుండా ఆ బల్లలు తిరిగొచ్చాయి. రేకు మీద గోధుమరంగు చారలు, మధ్య మధ్యలో సూదితో పొడిచినట్టు గుంటలు. ఒక గుంటలో ఆయన గోరు దిగిందట. వాటిని పెరట్లో, కుళాయి పక్కనే పేర్చారు. మా ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. కడుక్కుంటూ తలెత్తితే ఎదురుగా బల్లలు, తలదించితే తొట్టి. మూడు నెలల బల్ల కుళ్ళిపోయి ఉంది. ఏడేళ్ళు ఉప్పునీళ్ళలో నానిన 'దొంగ సరుకు' తొట్టిని తడి చేత్తో తుడిస్తే అందులో తన మొహం కనిపించింది. ఆ పూట క్యారేజీ మూత కూడా తీయకుండా ఇంటికి తెచ్చాడు.

లోహాలు పరీక్ష చేసే చోటికి వెళదామని ఆయనే అన్నాడు. నేనూ బయల్దేరాను, ఒక్కడినీ పంపితే సగం విని సగం మింగేస్తాడని. కుళాయి కింద తొట్టి ఊడదీసి, కోసిన బల్ల ముక్క ఒకటి పట్టుకుని అద్దె బండిలో వెళ్ళాం. అక్కడ ఒక అమ్మాయి ఉంది, కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని కళ్ళజోడు ఎక్కడని వెతుక్కునే రకం. పిస్తోలు లాంటి యంత్రాన్ని బల్ల ముక్కకి ఆనించి నొక్కింది. తెర మీద అంకెలు వచ్చాయి. నికెల్ వందకి ఒక పాలు. మాంగనీసు తొమ్మిది పాళ్ళు. క్రోమియం పదిహేను. తర్వాత తొట్టికి ఆనించింది, అడుగున ఒకసారి, మడత మీద ఒకసారి. రెండు చోట్లా ఒకటే. క్రోమియం పద్దెనిమిది, నికెల్ ఎనిమిది.

"తొట్టి బంగారం లాంటి సరుకండీ. బల్లే మోసం" అంది.

నేనే అడిగాను, విడమరిచి చెప్పమ్మా అని. ఆ అమ్మాయి ఓపికస్తురాలు, చెప్పింది. ఉక్కుకి తుప్పు పట్టకుండా కాపాడేది క్రోమియం అట. గాలి తగలగానే అది రేకు మీద కంటికి కనిపించని పొర కడుతుంది. గీరుకుపోయినా, మన ఒంటి మీద దెబ్బకి చర్మం కట్టుకున్నట్టు మళ్ళీ కట్టుకుంటుంది. నికెల్ దానికి అండ. ఉక్కుని లోపల కుదురుగా ఉంచుతుంది, ఎక్కడైనా పొర చిరిగినా గుంట లోతుకి దిగకుండా ఆపుతుంది. అయస్కాంతం అంటుకోకుండా చేసేది కూడా ఆ నికెలే. అయితే నికెల్ ఖరీదు. అందుకని కొందరు దాని బదులు మాంగనీసు వేస్తారు, కాస్త రాగి కలుపుతారు. మాంగనీసు వేసినా అయస్కాంతం అంటుకోదు. కానీ అది కాపలా కాయదు, పైగా ఉక్కులో ఉండే కాస్త గంధకంతో కలిసి రేకులో చిన్న చిన్న నలుసులుగా మారుతుంది. ఉప్పు ముందు అక్కడే కొరుకుతుంది. క్రోమియం కూడా తగ్గించేస్తారు కాబట్టి ఇక అడ్డేముంటుంది. అసలు చేపల షెడ్డు లాంటి చోటికి మాలిబ్డినం అని ఇంకోటి కలిపిన సరుకు వాడాలట, ఉప్పుకి అదే మందు.

"మరి మడత దగ్గర ఎందుకు అంటుకుందమ్మా?" అన్నాడు మా ఆయన. ఆ గొంతు నేను ఇరవై ఆరేళ్ళలో వినలేదు.

"మడిచారు కదండీ" అంది ఆ అమ్మాయి, ఇదేం ప్రశ్న అన్నట్టు. ఈ రకం మంచి ఉక్కుని చల్లగా ఉండగా బలంగా వంచితే, వంచిన చోట లోపలి అమరిక మారి కాస్త అయస్కాంతానికి లొంగుతుందట. సరుకు మారదు, తుప్పు పట్టదు. మాంగనీసూ రాగీ కలిపిన ఆ నాసి రకమే మడిచినా కదలదు. "అయస్కాంతం అంటుకుంటే దొంగ సరుకని ఎవరన్నారండీ?"

"నేనే అన్నానమ్మా" అన్నాడు.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాడు. తొట్టి ఒళ్ళో పెట్టుకుని. ఏడేళ్ళుగా ఆయన్ని తిట్టాలని దాచుకున్న తిట్లు నా దగ్గర బోలెడు ఉన్నాయి. వాటిని అలాగే ఉంచుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఏడవడం కూడా రాని మనిషి పక్కన కూర్చోవడం ఎంత కష్టమో నాకా రోజు తెలిసింది.

పరీక్ష ఫలితం రాయించుకున్న కాగితం పట్టుకుని యజమాని దగ్గరికి వెళితే ఆయన అటు తిప్పి ఇటు తిప్పి, "ఇప్పుడెందుకయ్యా పాతవన్నీ" అన్నాడు. అన్నయ్య నిర్దోషి అని రాసిస్తే, మంచి తొట్లని తుక్కుకి వేశానని, చెత్త సరుకుతో బల్లలు చేశానని తనే ఒప్పుకున్నట్టు అవుతుందని ఆయన బెంగ. మా ఆయన నాలుగుసార్లు వెళ్ళాడు. అయిదోసారి యజమాని, రాయడాలూ అవీ వద్దు, వచ్చి పనిలో చేరమను, పాత మిషను ఇంకా అలాగే ఉంది అన్నాడు. అదే పదివేలు అనుకున్నాం. ఏడేళ్ళ తర్వాత తలెత్తుకుని ఆ గేట్లోంచి లోపలికి నడిస్తే చాలు, రాతకోతలు ఎవరిక్కావాలి అనుకున్నాం.

ఇద్దరం అన్నయ్య ఇంటికి వెళ్ళాం. మా ఆయన గుమ్మం బయటే చెప్పులు విడిచి నిలబడి, చెప్పాల్సింది గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు, నా తప్పే, తెలియక చేశాను, తెలియకపోవడమే తప్పు అని. అన్నయ్య కాగితం అందుకుని వెలుతురులోకి వెళ్ళి చదివాడు. మళ్ళీ చదివాడు. వదినని పిలిచి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ చదువుతూ చదువుతూ కూలబడి ఏడ్చింది. "ఈ కాగితం నేను ఉంచుకోవచ్చా?" అని మాత్రం అడిగాడు అన్నయ్య. కూర్చోండి అన్నాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. బావా అనలేదు.

మర్నాడే గేట్ల షాపులో పని మానేశాడు. కాగితాన్ని ప్లాస్టిక్ తొడుగులో పెట్టించి, అక్కడున్న ప్రతివాడికీ చూపించి మరీ వచ్చాడట. వదిన వీధంతా చెప్పుకుంది. పుట్టింటికి కబురు పెట్టింది. సోమవారం పొద్దున ఉతికిన చొక్కా వేసుకుని, క్యారేజీ పట్టుకుని వెళ్ళాడు. దారిలో మా ఇంటి ముందు నుంచే వెళ్ళాడు. నన్ను చూసి చెయ్యెత్తాడు. ఆ నడక చూసి నా గుండె నిండిపోయింది.

పదకొండున్నరకి తలుపు చప్పుడైంది. తీస్తే అన్నయ్య. చేతిలో క్యారేజీ బరువుగా అలాగే ఉంది. ఏడేళ్ళ తర్వాత నా గుమ్మం తొక్కాడు. నేను నోరు తెరిచేలోగా లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

జరిగిన సంగతి తర్వాత మా ఆయన చెప్తే తెలిసింది. అన్నయ్య పాత మిషను దగ్గరికి వెళ్ళి, గీతలు పడకుండా రేకుకి అంటించిన నీలం ప్లాస్టిక్ పొర ఒలిచి, గీత మీద పెట్టి, లీవరు పట్టుకున్నాడు. భుజం లేవలేదు. చువ్వలు మోసి మోసి కుడి భుజం ఎప్పుడో పట్టేసింది, ఎవరితోనూ చెప్పలేదు. ఎడమ చేత్తో తొక్కాడు. మూలమట్టం పెడితే రెండు డిగ్రీలు తెరుచుకుంది. ఇంకో రేకు. మళ్ళీ అంతే. ఇనుము అంతగా వెనక్కి లేవదు. ఆయన చెయ్యి ఏడేళ్ళుగా ఇనుముకే అలవాటు పడిపోయింది, ఎక్కడ ఆపాలో దానికి తెలియడం లేదు. రెండోసారి నొక్కాడు, గీత పడింది. మూడో రేకూ పోయింది. యజమాని వచ్చి, కోపంగా కూడా కాదట, "రేపట్నుంచి అటు రేకుల పొర ఒలిచే చోట కూర్చో మేస్త్రీ" అన్నాడు. అన్నయ్య తలూపి, క్యారేజీ తీసుకుని వచ్చేశాడు. మా ఆయన స్టోర్ కిటికీలోంచి అంతా చూశాడు. కదల్లేకపోయానన్నాడు.

నాకు ఆ పూట ఇవేవీ తెలియదు. మొహం చూస్తే తెలుస్తూనే ఉంది గానీ అడగలేదు. మంచినీళ్ళు ఇచ్చాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగాడు.

"అమ్మలూ, సాయంత్రం అయిదింటి దాకా ఇక్కడ కూర్చోనా?" అన్నాడు.

ఇప్పుడే ఇంటికి వెళితే వదినకి ఏం చెప్పాలో ఆయనకి తెలియలేదు. ఆ ఒక్కరోజుకే అనుకున్నాను. మర్నాడు తొమ్మిదింటికి మా ఆయన వెళ్ళిన అయిదు నిమిషాలకి మళ్ళీ వచ్చాడు, క్యారేజీతో. ఆ మర్నాడూ వచ్చాడు. ఒంటిగంటకి క్యారేజీ విప్పుకుని తింటాడు. అయిదు కాగానే లేచి, చొక్కా కాస్త నలిపి, చేతులకి పెరట్లో మట్టి రాసుకుని కడుక్కుని, ఇంటికి వెళ్తాడు. మా ఆయన వచ్చేది అయిదున్నరకి. ఇద్దరూ ఎదురుపడరు. మా ఆయన నన్ను ఏమీ అడగడు, కానీ పొద్దున వెళ్ళేముందు ఆ కుర్చీ తీసుకెళ్ళి కిటికీ పక్కన, గాలి తగిలే చోట వేసి వెళ్తాడు. అన్నయ్య వదిన చేతిలో పెట్టాల్సిన మొదటి నెల జీతం ఎలాగో తను సర్దుతానన్నాడు. రెండో నెల సంగతి నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

నేను చెప్పి చూశాను. భుజం చూపించుకో అన్నయ్యా, నెమ్మదిగా చెయ్యి దార్లో పడుతుంది అన్నాను. డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళాను. ఆయన చెయ్యి ఎత్తించి దించి, ఇంతకంటే పైకి రాదమ్మా, ఈ వయసులో ఇక రాదు అని చెప్పేశాడు. వదినతో నిజం చెప్పేద్దాం అంటే అన్నయ్య నా వైపు చూశాడు, అంతే, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఇంతమందిమి ఉన్నాం, ఇంత నిజం చేతిలో ఉంది. ఆయనకి చెయ్యగలిగింది మాత్రం ఒక కుర్చీ వేయడం.

నిన్న మధ్యాహ్నం రెండింటికి వదిన వచ్చింది. గుమ్మంలో ఆవిడ గొంతు వినగానే అన్నయ్య లేచి లోపలి గదిలోకి వెళ్ళాడు. చెప్పులు నేను కాలితో మంచం కిందికి తోశాను. ఆవిడ ఆ కుర్చీలోనే కూర్చుంది. మొహం కళకళలాడుతోంది. అన్నయ్య రాత్రిళ్ళు కంటినిండా నిద్రపోతున్నాడని, ముద్ద ఎక్కువ తింటున్నాడని, ముందురోజు తనతో ఏదో జోకు కూడా వేశాడని చెప్పింది. తర్వాత, ఏడేళ్ళు ఆయన్ని అనుమానించానమ్మాయ్, నాకు నిష్కృతి లేదు, కనీసం ఇప్పుడైనా సంతోషంగా ఉంచాలి అంది. లోపలి గది తలుపు ఓరగా వేసి ఉంది.

వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుంది. "మీ ఆయన్ని ఒక్కమాట అడిగి చెప్పు. మీ అన్నయ్య పని ఎలా చేస్తున్నాడట? మునుపటిలాగే చేస్తున్నాడా?"

"మునుపటికంటే బాగా చేస్తున్నాడట" అన్నాను.

ఆవిడ మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడి, తర్వాత లోపలి గది తలుపు తీశాను. అన్నయ్య మంచం చివర కూర్చుని ఉన్నాడు, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"టైమెంతయింది?" అన్నాడు.

"రెండున్నర."

"ఇంకా చాలా ఉంది" అన్నాడు.